ఆల్చిప్పలో దొరికిన బ్యాక్టీరియా కొత్త జాతేనా? 97.9 శాతం చూసి తేల్చకు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. హనుమకొండలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి ఏడాది చదువుతున్న అమ్మాయి ప్రాజెక్టు కోసం కేరళ బ్యాక్‌వాటర్స్‌లో తాళ్ల మీద పెంచిన గ్రీన్ మస్సెల్స్ (ఒక రకం ఆల్చిప్పలు) 12 తెప్పించుకుంది. విబ్రియో అనే సముద్రపు బ్యాక్టీరియాను పెంచే టీసీబీఎస్ అగార్ మీద వేస్తే, ఒకదాని మొప్పల నుంచి వచ్చిన కాలనీ మిగతావాటికంటే తేడాగా కనిపించింది. బ్యాక్టీరియాలను గుర్తుపట్టడానికి వాడే 16ఎస్ జన్యువును దానిలో చదివిస్తే, డేటాబేస్‌లోని దగ్గరి విబ్రియోతో 97.9 శాతమే కలిసింది. "మేడమ్, ఇది కొత్త జాతేనా? కాకతీయుల పేరు పెట్టొచ్చా? సముద్రం లేని వరంగల్‌లో ఉండి ఈ పని పూర్తి చేయగలమా? మా గైడ్‌కి కూడా సముద్రపు బ్యాక్టీరియా కొత్త. చాలా టెన్షన్‌గా ఉంది."

బిడ్డా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నువ్వు పెట్టిన క్రోమాటోగ్రామ్‌ను (ఒక్కో బేసుకు, అంటే డీఎన్ఏ అక్షరానికి, ఒక్కో రంగు శిఖరం చూపే గ్రాఫును) తెర మీద పెద్దది చేసుకుని మొదటి బేసు నుంచి చివరి బేసు దాకా చూశాను. సూటిగా చెప్తాను: ఇప్పుడు నీ చేతిలో ఉన్నదాన్ని బట్టి అది కొత్త జాతి అనలేం, కాదని కూడా అనలేం. సముద్రపు చిప్పల్లోని బ్యాక్టీరియాతో నేను ముప్పై ఏళ్లు పనిచేశాను. కొన్నేళ్లు తీరంలో, మిగతాదంతా హనుమకొండలోనే. కాబట్టి నీ మూడో ప్రశ్నకు జవాబు ముందే వచ్చేసింది, అవుతుంది. మొదటి ప్రశ్నకే చాలా చెప్పాలి.

నీ ఫైల్లో 720 బేసులు ఉన్నాయి. దగ్గరి దానితో 15 చోట్ల తేడా ఉంది. 720లో 15 అంటే సుమారు 2.1 శాతం, అందుకే నీకు 97.9 వచ్చింది. లెక్క సరైనదే. ఆ 15 తేడాలు ఎక్కడెక్కడ ఉన్నాయో మాత్రం నువ్వు చూడలేదు. 660వ బేసు దాకా శిఖరాలు విడివిడిగా, నిటారుగా, ఒక్కో చోట ఒక్కో రంగుతో నిలబడి ఉన్నాయి. అక్కడి నుంచి అవి పొట్టివై, వెడల్పై, ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. 683 దగ్గర ఆగి చూడు. ఆకుపచ్చ శిఖరం ఉంది, దాని భుజం మీదనే ఎర్రది ఉంది. మిషన్ 'ఏ' అని రాసింది. నేనైతే అక్కడ ఏ అక్షరమూ రాయను. నీ 15 తేడాల్లో 9 ఈ చివరి 60 బేసుల్లోనే ఉన్నాయి. ఆ తోక కోసేసి మళ్లీ లెక్క వెయ్యి. 660లో 6 తేడాలు, అంటే 99.1 శాతం.

తోక కోసేసరికి 97.9 కాస్తా 99.1 అయింది. దీన్ని చూసి దిగులు పడకు. 660 బేసులు కూడా సగం జన్యువే కదా. 16ఎస్ జన్యువు మొత్తం సుమారు 1,500 బేసులు. నువ్వు 27ఎఫ్ ప్రైమర్‌తో (చదవడం మొదలయ్యే చోట అంటుకునే చిన్న డీఎన్ఏ ముక్కతో) ఒక వైపు నుంచే చదివించావు. 1492ఆర్ ప్రైమర్‌తో రెండో వైపు నుంచి కూడా చదివించి, మధ్యలో రెండూ కలిసే చోట సరిపోల్చి, 1,400 బేసులకు తగ్గకుండా శుభ్రమైన సీక్వెన్స్ తయారు చేసుకో. అసలు తేడాలు ఆ రెండో సగంలోనే ఉండొచ్చు. ఆ తర్వాతే శాతం గురించి మాట్లాడుకుందాం.

ఇక ఆ శాతం అర్థం. పాత పాఠ్యపుస్తకాల్లో 97 శాతం కంటే తక్కువైతే కొత్త జాతి అని ఉంటుంది. 2006లో స్టాకెబ్రాంట్, ఎబర్స్ ఆ గీతను 98.7 నుంచి 99 మధ్యకు జరపాలన్నారు. 2014లో జీనోములతో (బ్యాక్టీరియా మొత్తం డీఎన్ఏతో) పోల్చి చూసి 98.65 అని ఇంకా కచ్చితంగా చెప్పారు. 1,450 బేసుల్లో 19 తేడాలంటే దాదాపు ఆ గీత మీద ఉన్నట్టు. ఇందులో విద్యార్థులు తరచూ తలకిందులుగా పట్టుకునే మాట ఒకటుంది. ఈ గీత కంటే తక్కువ వస్తే కొత్తదయ్యే అవకాశం బలంగా ఉన్నట్టే. ఎక్కువ వచ్చినంత మాత్రాన పాతదే అని కాదు. నీది విబ్రియో కాబట్టి ఈ రెండో మాట నీకు మరీ ముఖ్యం.

విబ్రియోల్లో జాతులను విడదీసి చూపించడం 16ఎస్ జన్యువు వల్ల కాదు. విబ్రియో పారాహిమోలిటికస్, విబ్రియో ఆల్జినోలిటికస్ రెండు వేరు వేరు జాతులు. ఒకటి మనుషులకు విరేచనాలు తెప్పించేది, రెండోది చాలావరకు చెవి, పుండ్ల జోలికి వెళ్లేది. అయినా వాటి 16ఎస్ 99 శాతం పైనే కలుస్తుంది. హార్వేయీ గుంపులో హార్వేయీ, క్యాంప్‌బెల్లీ, ఓవెన్సీ, రోటిఫెరియానస్ అంతా ఇలాగే ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. పైగా ఒక్క కణంలోనే ఈ జన్యువుకు చాలా కాపీలుంటాయి. కలరా విబ్రియోలో 8, పారాహిమోలిటికస్‌లో 11. ఆ కాపీల మధ్య కూడా చిన్న చిన్న తేడాలుంటాయి. క్రోమాటోగ్రామ్ మధ్యలో, మంచి చోట కూడా ఒక్కోసారి జంట శిఖరం కనిపించేది అందుకే. అది కల్చర్ కలుషితమై వచ్చిందా, కాపీల తేడా వల్ల వచ్చిందా అన్నది మళ్లీ స్ట్రీక్ చేసి (ప్లేట్ మీద గీసి), కొత్త కాలనీతో చదివిస్తేనే తెలుస్తుంది.

ఇంకో పొరపాటు. నువ్వు పోల్చిన 'దగ్గరి విబ్రియో' ఏమిటో చూశాను. 'విబ్రియో' అని తప్ప జాతి పేరు లేని స్ట్రెయిన్ (ఒక చోట పట్టి పెంచిన వంశం) అది, ఎవరో నీలాంటి విద్యార్థే డేటాబేస్‌లో పెట్టింది. దానికి ఆ పేరు ఎవరిచ్చారో, సరిగ్గా ఇచ్చారో లేదో మనకు తెలియదు. సంబంధం కుదుర్చుకునేటప్పుడు పక్కింటివాళ్లు చెప్పిన గోత్రం నమ్మం కదా, వాళ్ల పెద్దవాళ్లనే అడుగుతాం. బ్యాక్టీరియాకు ఆ పెద్దమనిషి టైప్ స్ట్రెయిన్. ఒక జాతికి పేరు పెట్టిన రోజున, ఆ పేరుకు శాశ్వతంగా కట్టుబడి ఉండేలా దాచిన స్ట్రెయిన్ అది. పోలిక ఎప్పుడూ టైప్ స్ట్రెయిన్లతోనే చెయ్యాలి. ఈజ్‌బయోక్లౌడ్ అన్న వెబ్‌సైట్‌లో వెతికితే ఆ పోలికే వస్తుంది. పేరు చెల్లుబాటులో ఉందా, మారిందా అన్నది బ్యాక్టీరియా పేర్ల జాబితా ఉండే ఎల్‌పీఎస్ఎన్ సైట్‌లో చూసుకో.

16ఎస్ తర్వాత మెట్టుగా కొన్నేళ్లు మేం హౌస్‌కీపింగ్ జన్యువులు, అంటే కణం రోజువారీ పనులు నడిపేవి, చదివాం. గైర్‌బీ, రెక్‌ఏ, పైర్‌హెచ్, ఆర్‌పీఓఏ లాంటివి. 2007లో సవాబే బృందం తొమ్మిది జన్యువులు కలిపి విబ్రియోల వంశవృక్షం గీసింది. నీ దగ్గర ఇప్పుడు డబ్బు తక్కువుంటే ముందు గైర్‌బీ, పైర్‌హెచ్ రెండూ చదివించు. అవి కూడా అన్ని టైప్ స్ట్రెయిన్లకూ దూరంగా ఉంటే, అప్పుడు జీనోమ్‌కు వెళ్లు. విబ్రియో జీనోమ్ అయిదు మిలియన్ బేసుల దగ్గర ఉంటుంది, రెండు క్రోమోజోములుగా. హైదరాబాద్‌లో చదివించే సంస్థలున్నాయి, నువ్వు డీఎన్ఏ శుభ్రంగా తీసి పంపితే చాలు.

చివరి తీర్పు జీనోమ్‌దే. టైప్ స్ట్రెయిన్ జీనోమ్‌తో సగటు న్యూక్లియోటైడ్ పోలిక 95 నుంచి 96 శాతం కంటే తక్కువుండాలి. డిజిటల్ డీఎన్ఏ హైబ్రిడైజేషన్ 70 శాతం కంటే తక్కువుండాలి. ఈ 70 అన్నది 1987లో వేన్ నాయకత్వంలోని కమిటీ పెట్టిన గీత. అప్పుడది ల్యాబ్‌లో చేతులతో చేసే పని. రెండు బ్యాక్టీరియాల డీఎన్ఏను వేడి చేసి పోగులు విడదీసి, కలిపి, ఎంత మేరకు మళ్లీ జత కట్టాయో కొలిచేవాళ్లం. ఒక్క జతకు రోజులు పట్టేది, రెండుసార్లు చేస్తే రెండు అంకెలు వచ్చేవి. ఇప్పుడు జర్మనీలోని డీఎస్ఎమ్‌జెడ్ అన్న బ్యాక్టీరియా బ్యాంకు నడిపే టీవైజీఎస్ సర్వర్‌లో నీ జీనోమ్ ఎక్కిస్తే ఆ లెక్క ఉచితంగా వస్తుంది. మా తరం దానికి పడ్డ కష్టం తలుచుకుంటే, హనుమకొండ హాస్టల్లో కూర్చుని నువ్వు ఆ పని చేసుకోగలగడం నాకు నిజంగా సంతోషం.

సీక్వెన్స్ గురించి ఇంతే. ఇప్పుడు చాలామంది వదిలేసే సంగతికి వస్తాను: అది మస్సెల్‌లో ఉండేదేనా?

పెద్ద మస్సెల్ గంటకు లీటరు, రెండు లీటర్ల నీళ్లు మొప్పలగుండా వడగడుతుంది. ఆ నీటిలో ఉన్న ప్రతి బ్యాక్టీరియా దాని మొప్పల మీదుగా పోతూ ఉంటుంది. బస్టాండ్‌లో నిలబడ్డవాళ్లంతా ఆ ఊరివాళ్లు కానట్టే, మొప్పల మీద దొరికిందల్లా మస్సెల్‌ది కాదు. అది అక్కడ కాపురం ఉంటోందా, దారిన పోతూ చిక్కిందా అన్నది తేల్చాలి. అందుకు పద్ధతులున్నాయి. చిప్పను బ్రష్‌తో రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి తెరవాలి. తెరిచే ముందు కొన్నింటిని 24 నుంచి 48 గంటలు వడగట్టి స్టెరిలైజ్ చేసిన సముద్రపు నీటిలో, గాలి బుడగలు ఇస్తూ ఉంచాలి. పేగులో, మొప్పల మీద ఉన్న దారిన పోయేవి చాలావరకు బయటికి వచ్చేస్తాయి. అప్పుడు కూడా మిగిలినవే మనకు కావాలి. రక్తద్రవం కావాలంటే చిప్పను మూసే కండరంలోకి సన్నటి సూది దించి తీస్తాం. మొప్పలు, జీర్ణగ్రంథి, మాంటిల్ (చిప్పకు లోపల ఆనుకుని ఉండే పొర) వేరు వేరుగా కోసి, స్టెరైల్ సముద్రపు నీటిలో నూరి, పలచన చేస్తూ ప్లేట్ల మీద వెయ్యాలి.

నువ్వు 12 మస్సెల్స్‌లో ఒక్కదాంట్లోనే దాన్ని చూశావు. ఒక్క స్ట్రెయిన్‌తో జాతి ప్రకటించడం నియమాలకు విరుద్ధం కాదు. కానీ వేరే వేరే మస్సెల్స్ నుంచి, వీలైతే వేరే నెలలో తెచ్చిన బ్యాచ్ నుంచి కూడా అదే దొరికితే మాటకు బలం వస్తుంది. ఒక్కదానికి ఉన్న లక్షణం జాతి లక్షణమా, ఆ ఒక్కదాని తీరా అన్నది రెండోది దొరికితేనే తెలుస్తుంది.

రవాణా గురించి నువ్వు రాసింది చదివి కొంచెం బాధ అనిపించింది. థర్మకోల్ పెట్టెలో ఐసు పోసి, దాని మీదే మస్సెల్స్ పెట్టి పంపారన్నావు. ఐసు కరిగితే మంచినీళ్లు. సముద్రపు జీవి మంచినీటిలో నానితే అది చస్తుంది, దాని లోపలి బ్యాక్టీరియా కూడా చాలావరకు పగిలిపోతుంది. దాని బదులు ఊరి నీళ్లలో బతికేవి పెరుగుతాయి. ఈసారి సముద్రపు నీటిలో తడిపిన గోనెపట్టాలో చుట్టి, ఐసును వేరే ప్లాస్టిక్ సంచిలో కట్టి పక్కన పెట్టమను. నీళ్లు నింపిన డబ్బాలో ముంచి పంపొద్దను, ఉన్న ఆక్సిజన్ కాస్తా అవి గంటల్లో తినేస్తాయి. వచ్చాక ఒక్కొక్కదాన్నీ వేలితో తట్టు. నోరు మూసుకుంటే బతికున్నట్టు. తెరుచుకునే ఉంటే పక్కన పడెయ్. గ్లౌజులు లేకుండా చిప్పలు తెరవొద్దు. విబ్రియో వల్నిఫికస్ లాంటిది కత్తి గాటులోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. మిగిలిన మస్సెల్స్‌ను ఎవరూ వండుకోకుండా ఆటోక్లేవ్ చేసి పారెయ్యండి.

టీసీబీఎస్ మీద మాత్రమే వేశానన్నావు. అది విబ్రియోలను పట్టడానికి చేసిన మీడియం, బైల్ సాల్ట్స్ ఉంటాయి, మిగతావాటిని చాలావరకు రానివ్వదు. పసుపు కాలనీ అంటే సుక్రోజ్ (చక్కెర) పులియబెట్టేది, ఆకుపచ్చ అంటే పులియబెట్టనిది, అంతవరకే అది చెప్తుంది. కొత్త జాతులు వెతకాలంటే మెరైన్ అగార్ 2216 కావాలి. క్లాడ్ జోబెల్ 1941లో, నిల్వ ఉంచిన సముద్రపు నీటితో రూపొందించిన మీడియం అది. దానిలో తిండితో పాటు సముద్రపు ఉప్పులు అన్నీ ఉంటాయి. అన్నీ అంటున్నాను చూడు. నేను కొత్తలో డబ్బు ఆదా అవుతుందని న్యూట్రియంట్ అగార్‌లో మూడు శాతం ఉప్పు కలిపి వాడాను. సోడియం క్లోరైడ్ ఒక్కటే సముద్రం కాదు. లీటరు సముద్రపు నీటిలో ఒక గ్రాముకు పైగా మెగ్నీషియం, 0.4 గ్రాముల చొప్పున కాల్షియం, పొటాషియం ఉంటాయి. అవి లేక నా ప్లేట్ల మీద గట్టి విబ్రియోలే వచ్చాయి, నెమ్మదిగా పెరిగేవి ఒక్కటీ రాలేదు. తర్వాత ప్రతి ట్రిప్పుకూ విశాఖ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో 20 లీటర్ల డబ్బాలు తెచ్చుకునేదాన్ని. 550 కిలోమీటర్లకు పైనే. తెల్లారకముందే వరంగల్ స్టేషన్లో ఆ డబ్బాలు దించడం మా ఆయనకు బాగా గుర్తు. ఆ నీటిని చీకట్లో కొన్ని వారాలు ఉంచి, వడగట్టి వాడేవాళ్లం.

ప్లేట్లు 37 డిగ్రీల్లో పెట్టకు, 25 నుంచి 28 చాలు. రెండో రోజే లెక్కబెట్టి పారెయ్యకు. పెద్ద కాలనీలు మొదటి రోజే వస్తాయి. పన్నెండో రోజు, పదిహేనో రోజు వాటి సందుల్లో సూదిమొనంత కాలనీలు కనిపిస్తాయి, వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటేనే తెలుస్తాయి. నాకు మంచివన్నీ అక్కడే దొరికాయి. ప్లేట్ ఎండిపోకుండా పారాఫిల్మ్ చుట్టు. ఎండోజోయికోమోనాస్ లాంటివి మొప్పల కణాల్లోనే గుంపులు కట్టి ఉంటాయి, వాటిని అగార్ మీద పెంచడం ఇంకా కష్టం. పెరగనివాటికి జీనోమ్ ఆధారంగానే పేరు పెట్టే సీక్‌కోడ్ అన్న పద్ధతి 2022లో వచ్చింది. అది నీ ప్రాజెక్టుకు అవసరం లేదు.

బయోకెమికల్ టెస్టుల్లోనూ ఉప్పే దెబ్బ తీస్తుంది. చిన్న చిన్న గుంటల్లో టెస్టులు సిద్ధంగా ఉండే ఏపీఐ స్ట్రిప్‌లో మామూలు సెలైన్ కలిపి పోస్తే సముద్రపు బ్యాక్టీరియా సగం గుంటల్లో ఏమీ చెయ్యదు, నువ్వేమో 'నెగెటివ్' అని రాసుకుంటావు. కనీసం రెండు శాతం ఉప్పు నీటిలో కలిపి పోయాలి, దగ్గరి టైప్ స్ట్రెయిన్లను కూడా పక్కనే అదే రోజు అదే పద్ధతిలో పెట్టాలి. వేరొకరి పేపర్లోని ప్లస్‌లూ మైనస్‌లూ తెచ్చి నీ పట్టికలో పక్కన వేసుకోవడం పోలిక కాదు. ఆక్సిడేజ్ టెస్టుకు నైక్రోమ్ (లోహపు తీగ) లూప్ వాడకు, తప్పుడు పాజిటివ్ వస్తుంది. ప్లాస్టిక్ లూపో, పుల్లో చాలు. ప్రోటీన్లను బట్టి బ్యాక్టీరియాను గుర్తుపట్టే మాల్డీటాఫ్ మిషన్‌లోని ఆసుపత్రి డేటాబేస్ సముద్రపు వాటికి పెద్దగా పనికిరాదు.

ఇంత శ్రమ ఒక పేరు కోసమా అని నీ క్లాస్‌మేట్స్ అడుగుతారు. చిప్పలు పెంచేవాళ్లకు ఆ పేరుతో చాలా పని ఉంది. 1987లో ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరంలో, పెంపకంలో ఉన్న మనీలా క్లామ్స్ (ఇంకో రకం చిప్పలు) చిప్ప లోపలి అంచున గోధుమ రంగు ఉంగరం పడి చనిపోవడం మొదలైంది. అందులో దొరికిన బ్యాక్టీరియాను మొదట విబ్రియో పీ1 అని మాత్రమే పిలిచారు. 1996లో విబ్రియో టపేటిస్ అని జాతి పేరు వచ్చింది. తొమ్మిదేళ్లు అది నంబరుతోనే బతికింది, పరిశోధన ఆగలేదు.

తప్పు పేరు పడితే మాత్రం చాలా మంది దారి తప్పుతారు. అమెరికా హేచరీల్లో (చిప్పల పిల్లలను పెంచే చోట్ల) ఆయిస్టర్ పిల్లలను చంపే ఆర్‌ఈ22, ఆర్‌ఈ98 అన్న స్ట్రెయిన్లను చాలా ఏళ్లు విబ్రియో టుబియాషీ అనుకుని పనిచేశారు. 2013, 2014లో జీనోములు పోల్చి చూస్తే అవి విబ్రియో కోరలిలిటికస్. 2003లో పగడాల జబ్బుతో పేరు తెచ్చుకున్న జాతి అది. అంటే పగడాలను, ఆయిస్టర్ పిల్లలను ఒకే జాతి దెబ్బ తీస్తోందన్న సంగతి, పేరు సరిదిద్దాకే కనిపించింది. హేచరీ వాళ్లు పరీక్ష కిట్టు చేసుకోవాలన్నా, వ్యాధిని తట్టుకునే పిల్లలను ఎంచుకోవాలన్నా సరైన పేరు నుంచే మొదలుపెట్టాలి.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్న మాట. ఈ సమాధానం చదవడం ఆపి, ముందు ఆ స్ట్రెయిన్‌ను భద్రం చెయ్యి. స్లాంట్ (ట్యూబులో వాలుగా గడ్డకట్టిన అగార్) మీదే ఉంది, ఫ్రిజ్‌లో పెట్టానన్నావు. విబ్రియోలు నాలుగు డిగ్రీల్లో చాలా త్వరగా చచ్చిపోతాయి, చావకపోయినా మళ్లీ ప్లేట్ మీద పెరగని స్థితికి వెళ్తాయి.

నేను ముత్యపు చిప్పల మీద పనిచేసిన రోజుల్లో 41 స్ట్రెయిన్లు ఒకే డీప్ ఫ్రీజర్లో ఉండేవి. బతుకమ్మ సెలవులు వచ్చాయి. సద్దుల బతుకమ్మ నాడు మేమంతా వేయిస్తంభాల గుడి దగ్గర ఉన్నాం. నేను పనిచేసే చోట కరెంటు పోయింది, జనరేటర్ ఎత్తుకోలేదు, తాళంచెవి ఉన్న మనిషి ఊరికి వెళ్లిపోయాడు. దసరా తర్వాత తలుపు తీస్తే ఫ్రీజర్ కింద నీళ్లు మడుగు కట్టి ఉన్నాయి. ట్యూబుల్లో గ్లిసరాల్ వేలితో తాకితే వెచ్చగా ఉంది. ఒక్కొక్కటీ ప్లేట్ మీద గీశాను. 41లో 11 వచ్చాయి. రానివాటిలో పీ-17 ఒకటి. నారింజ రంగు, అంచు చీలిన చిన్న కాలనీ, పదమూడో రోజుకు గానీ కనపడేది కాదు. దాని 16ఎస్ ఏ టైప్ స్ట్రెయిన్‌తోనూ 96 శాతం దాటలేదు. దాని కోసం మూడేళ్లు అదే చోటి నుంచి చిప్పలు తెప్పించాను. మళ్లీ దొరకలేదు. నా నోట్‌బుక్‌లో దాని బొమ్మ ఉంది, సీక్వెన్స్ ఉంది. స్ట్రెయిన్ లేదు కాబట్టి జాతీ లేదు.

అందుకని ఈ రోజే మెరైన్ బ్రాత్‌లో 20 శాతం గ్లిసరాల్ కలిపి ఎనిమిది ట్యూబులు చెయ్యి. మామూలు నీటితో గ్లిసరాల్ కలపకు. నాలుగు నీ ల్యాబ్‌లో మైనస్ 80లో పెట్టు. నాలుగు వేరే బిల్డింగ్‌లో, వేరే కరెంటు లైన్ ఉన్న చోట పెట్టు. వారం తర్వాత ఒక ట్యూబు తీసి పెరుగుతోందో లేదో చూడు. పెన్ను రాత చెరిగిపోతుంది, పెన్సిల్‌తో రాసిన లేబుల్ మీద టేప్ అంటించు.

పేరు సంగతి. పేరు లాటిన్‌లోనో, లాటిన్ రూపంలోనో ఉండాలి, మొదటి మాట లింగానికి రెండోది సరిపోవాలి. విబ్రియో పుంలింగం కాబట్టి ఊరి పేరుకు చివర 'ఎన్సిస్' వస్తుంది. తన పేరు తానే పెట్టుకోవడం పద్ధతి కాదు. స్పెయిన్‌లో గలీసియా తీరపు క్లామ్స్ నుంచి రొమాల్డే బృందం తెచ్చిన వాటిలో విబ్రియో బ్రెయోగానీ ఉంది, గలీసియా పురాణాల రాజు బ్రెయోగాన్ పేరు అది. విబ్రియో సెల్టికస్, విబ్రియో కోర్టెగాడెన్సిస్ కూడా వాళ్లవే, వాళ్ల నేల పేర్లే. మనవాళ్లూ తక్కువేం కాదు. హైదరాబాద్‌లో సి.హెచ్. శశికళ, సి.హెచ్.వి. రమణ బృందాలు మన తీరంలో పట్టిన ఊదా బ్యాక్టీరియాలకు మారిక్రొమాటియం భీమ్లికమ్, థయోరోడోకోకస్ కాకినాడెన్సిస్, రోడోవులమ్ విశాఖపట్నమెన్సె అని 2007లో పేర్లు పెట్టారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో ఎస్. శివాజీ బృందం 2009లో, బెలూన్ ద్వారా స్ట్రాటోస్ఫియర్ గాలి నుంచి తెచ్చిన వాటిలో ఒకదానికి ఆర్యభట్ట పేరు, ఒకదానికి ఇస్రో పేరు పెట్టింది. కాబట్టి కాకతీయ పేరు ఆశించడంలో తప్పేమీ లేదు. వరంగల్ ఊరి పేరు మాత్రం వద్దు, అది అక్కడ పుట్టింది కాదు, చదివేవాళ్లు పొరబడతారు. కాకతీయ యూనివర్సిటీని తలుచుకుంటూ పెడుతున్నామని పేరు వివరణలో రాస్తే సరిపోతుంది. అయితే ఇప్పుడే ట్యూబుల మీద ఆ పేరు రాయొద్దు. ఒక నంబరు ఇవ్వు, విబ్రియో పీ1 లాగ.

పేరు చెల్లాలంటే ఇంకో షరతు ఉంది. టైప్ స్ట్రెయిన్‌ను రెండు వేరు వేరు దేశాల్లోని కల్చర్ కలెక్షన్లలో (బ్యాక్టీరియా బ్యాంకుల్లో) పెట్టి, అక్కడ ఎవరికైనా దొరుకుతుందని ధ్రువపత్రం తేవాలి. వివరణ ఐజేఎస్‌ఈఎమ్ పత్రికలో రావాలి, లేదా వేరే చోట వచ్చాక ఆ పత్రిక జాబితాలో చేరాలి. మన దేశంలో చండీగఢ్‌లో ఎమ్‌టీసీసీ, పుణేలో ఎమ్‌సీసీ ఉన్నాయి. విదేశానికి పంపాలంటే 2002 జీవవైవిధ్య చట్టం కింద జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ప్రక్రియ దాటాలి. మీ గైడ్ గారితో ఆ కాగితాలు జీనోమ్‌కు డీఎన్ఏ పంపిన రోజునే మొదలుపెట్టించు. కాగితాలు ఆలస్యమై, పని పూర్తయిన స్ట్రెయిన్లు ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

మీ గైడ్‌కు సముద్రం అలవాటు లేదని టెన్షన్ పడకు. స్ట్రీకింగ్, పీసీఆర్, ఓపిక ఇవి వచ్చినవాళ్లెవరైనా చేయగలరు, ఉప్పు గురించి రెండు మాటలు నేర్చుకుంటే చాలు. ఇప్పుడు నాకు ఈ మూడు చెప్పు. ఆ 12 మస్సెల్స్ మొప్పల ముక్కలు ఫ్రీజర్లో మిగిలి ఉన్నాయా? ఉంటే పారెయ్యకు, గైర్‌బీ చదివాక దానికి మాత్రమే అంటుకునే ప్రైమర్ చేసి, మిగతా 11లో అది ఉందో లేదో ఆ ముక్కల డీఎన్ఏలోనే చూడొచ్చు. ఆ కాలనీ ఉప్పు లేని అగార్ మీద పెరుగుతుందా? 1492ఆర్ వైపు రీడ్ ఎప్పుడు వస్తుంది?